ఆర్వో ప్లాంట్ ఇస్తాం గానీ తీర్మానంలో ఆ ఒక్క వాక్యం రాయమంటున్నారు, ఏం చేయాలి?

గెడ్డ ఒడ్డు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో ఒక చిన్న ఊరు, గెడ్డ (వాగు) దాటితే విజయనగరం జిల్లా. ఊరి పేరూ, పక్కనున్న మందుల కంపెనీ పేరూ రాయడం లేదు, దయచేసి అడగొద్దు, మా ఇంట్లోంచే ఒకడు అక్కడ కాంట్రాక్టు మీద పని చేస్తున్నాడు.

విషయం ఏంటంటే మా ఊళ్ళో బోరు నీళ్ళు తాగి చాలా ఏళ్ళయింది. నా చిన్నప్పుడు గెడ్డలో ఈత కొట్టేవాళ్ళం, చెలమ తీస్తే తియ్యటి నీళ్ళు వచ్చేవి, ఇప్పుడు గేదెలు కూడా మూతి పెట్టి వెనక్కి తీసుకుంటున్నాయి. వానాకాలంలో ఒక్కోసారి నురగ వస్తుంది, రాత్రి పదకొండు దాటాక కొన్ని రోజులు కిటికీలు మూసుకున్నా కళ్ళు మండే వాసన. తాగడానికి ఇంటింటికీ క్యాన్ కొనుక్కుంటున్నాం, మా అమ్మ నెలకి పప్పుల ఖర్చు కంటే నీళ్ళ ఖర్చే ఎక్కువ అవుతోందని లెక్క చెబుతుంది.

ఇప్పుడు కంపెనీవాళ్ళు సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత నిధులు) కింద ఆర్వో ప్లాంట్ పెడతాం, స్కూలుకి బల్లలు ఇస్తాం, మూడు నెలలకోసారి వైద్య శిబిరం పెడతాం అని వచ్చారు. మంచిదే కదా అనుకున్నాం. కానీ పంచాయతీ తీర్మానం నమూనా కూడా వాళ్ళే టైపు చేయించి తెచ్చారు. అందులో ధన్యవాదాలూ అవీ అయ్యాక చివర ఇలా ఉంది: "కంపెనీ కార్యకలాపాల వలన గ్రామమునకు ఎటువంటి ఇబ్బందియు లేదనియు, ప్రతిపాదిత విస్తరణకు గ్రామస్తులకు అభ్యంతరము లేదనియు తీర్మానించడమైనది."

సర్పంచ్ గారు మంచి మనిషే, నీళ్ళొస్తాయి కదా, ఒక్క వాక్యం గురించి ఆలోచిస్తే ఉన్నది కూడా పోతుందంటున్నారు. కుర్రాళ్ళం కొంతమందిమి వద్దంటున్నాం. ఊరు రెండుగా చీలిపోయేలా ఉంది, నిజంగా టెన్షన్‌గా ఉంది. గ్రామసభ వచ్చే వారమే. తీసుకుంటే రేపు గెడ్డ గురించి అడిగే హక్కు పోతుందా? తీసుకోకపోతే మా ఆడవాళ్ళకి ఏం సమాధానం చెప్పాలి?


జమాఖర్చు:

తమ్ముడూ, నేను విజయనగరంలో ఆడిటర్ ఆఫీసులో పని చేస్తాను, సీఎస్ఆర్ లెక్కలు ఏటా చూస్తూనే ఉంటాను. ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి, ఇది దానం కాదు. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 135 ఉంది, 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, అంతకు ముందు మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చు పెట్టి తీరాలి. తాము పని చేసే చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. అంటే మీ ఊరికి వాళ్ళు రావడం చట్టం చెప్పిన దారిలో రావడమే.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. మీరు వద్దంటే ఆ డబ్బు కంపెనీ జేబులోకి తిరిగి వెళ్ళదు. ఏడాదిలో ఖర్చు కాని సొమ్ము, నడుస్తున్న ప్రాజెక్టుదైతే విడి ఖాతాలో వేసి మూడేళ్ళలో ఖర్చు పెట్టాలి, కాకపోతే ఏడాది ముగిసిన ఆరు నెలల్లో ప్రభుత్వం చెప్పిన నిధులకు జమ చేయాలి. కాబట్టి ఖర్చు చూపించాల్సిన అవసరం వాళ్ళకీ ఉంది. బతిమాలుకునే స్థితిలో మీరు లేరు, అది సర్పంచ్ గారికి నెమ్మదిగా చెప్పండి.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. 2021 జనవరిలో సీఎస్ఆర్ నిబంధనలు మార్చారు. అందులో స్పష్టంగా ఉంది, వేరే ఏ చట్టం కిందనైనా కంపెనీ చేసి తీరాల్సిన పనిని సీఎస్ఆర్‌గా చూపించకూడదు. వ్యర్థజలం శుద్ధి చేయడం, గెడ్డలోకి వదలకుండా ఉండడం, వాసన రాకుండా చూడడం ఇవన్నీ 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం, 1986 పర్యావరణ చట్టం కింద వాళ్ళ బాధ్యత. అది ఒక ఖాతా, ఆర్వో ప్లాంట్ ఇంకో ఖాతా. ఈ ఖాతాలో జమ చేసి ఆ ఖాతాలో బాకీ కొట్టేయడం కుదరదు. మీకిచ్చిన నమూనాలో చివరి వాక్యం చేస్తున్నది సరిగ్గా అదే.

అందుకే కంపెనీ వాళ్ళని ఒక్క ప్రశ్న రాతలో అడగండి: "ఈ ప్లాంట్ సీఎస్ఆర్ కింద ఇస్తున్నారా, లేక మీ పర్యావరణ అనుమతి షరతుల్లో భాగంగా ఇస్తున్నారా?" షరతైతే అది మీకు రావాల్సిందే, తీర్మానం రాసినా రాయకపోయినా. సీఎస్ఆర్ అయితే దానికి గ్రామం నుంచి అభ్యంతరం లేదనే మాట ఎక్కడా అక్కర్లేదు. రెండిట్లో ఏది చెప్పినా ఆ వాక్యానికి చోటు లేదు.

తీర్మానం ఇలా రాసుకోండి, ప్లాంట్‌కి స్థలం ఇస్తున్నాం, కట్టాక ఆస్తి పంచాయతీ పేరున ఉంటుంది (సీఎస్ఆర్ డబ్బుతో కట్టిన ఆస్తి కంపెనీ పేరున ఉంచుకోకూడదు, పంచాయతీ లాంటి ప్రభుత్వ సంస్థకు ఇవ్వవచ్చు), ఐదేళ్ళ నిర్వహణ ఎవరిదో ఒప్పందంలో ఉండాలి. అక్కడితో ఆపేయండి. పొగడ్త కూడా వద్దు, తిట్టూ వద్దు.


పెద్దాయన:

బాబూ, జమాఖర్చు గారు చెప్పింది చట్టం. నేను చెప్పేది ఇల్లు. మీ కుర్రాళ్ళంతా హక్కులు మాట్లాడతారు, క్యాన్ మోసేది ఆడవాళ్ళు. మా ఊళ్ళో ఇలాగే పంతానికి పోయి వచ్చిన ట్యాంకు పక్క ఊరికి పోయింది, ఇప్పటికీ ఆ మాట ఎత్తితే మా ఆవిడ మాట్లాడదు. నా మాట ఒక్కటే, వాక్యం కొట్టేయండి గానీ ప్లాంట్ వదులుకోకండి. కంపెనీ మేనేజరుతో కూర్చునేటప్పుడు కోపంగా కాకుండా నలుగురు పెద్దల్నీ ఇద్దరు ఆడవాళ్ళనీ తీసుకెళ్ళండి.


కెమిస్ట్రీ మాస్టారు (రిటైర్డ్):

నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకి రసాయన శాస్త్రం చెప్పాను, అందుకే నీళ్ళ గురించి మాత్రమే మాట్లాడతాను, మిగతాది నాకంటే తెలిసినవాళ్ళు చెప్పారు.

ఆర్వో అంటే అన్నీ తీసేసే మంత్రం అనుకుంటారు. ఉప్పులు, ఫ్లోరైడు, నైట్రేటు, చాలా లోహాలు బాగానే తీస్తుంది. కానీ మందుల తయారీలో వాడే కొన్ని ద్రావకాలు (సాల్వెంట్లు) చాలా చిన్న అణువులు, అవి ఆర్వో వడపోత పొరలోంచి కొంత దాటిపోతాయి, కార్బన్ ఫిల్టరు కొంత పట్టుకుంటుంది గానీ అది నిండిపోయాక పట్టుకోదు. అందుకని ప్లాంట్ ఏ నీళ్ళతో నడుస్తుందో ముందు తేల్చుకోండి. గెడ్డ పక్క బోరుకి గొట్టం వేసి ఆర్వో పెడితే, మీ పిల్లలు తాగేది ఆ గెడ్డనే, కొంచెం వడపోసి. గెడ్డకి ఎగువన, దూరంగా ఉన్న బోరు గానీ, పథకం పైపు నీళ్ళు గానీ అడగండి.

బోరు నీళ్ళు ముందు పరీక్ష చేయించండి. జిల్లాలో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులు ఉన్నాయి, అక్కడ పీహెచ్, కరిగిన లవణాలు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము లాంటివి చూస్తారు. తాగే నీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరక్కపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడు 1, మహా అయితే 1.5. నైట్రేటు 45 దాటకూడదు. ఇవన్నీ బాగున్నాయని రిపోర్టు వచ్చినా ద్రావకాలు లేవని అర్థం కాదు, ఆ పరీక్ష మామూలు ల్యాబులో చేయరు, పేరు పెట్టి అడగాలి.

గెడ్డ నీళ్ళు వేరే లెక్క. వాగుల్లోకి వదిలే వ్యర్థజలానికి సాధారణ పరిమితి బీఓడీ లీటరుకి 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250. బీఓడీ అంటే నీళ్ళలో మురికిని తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ అంకె. సీఓడీ అంటే నీళ్ళలో ఉన్న మురికిని రసాయనికంగా కాల్చేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె. చేపలు తేలడానికి విషమే అక్కర్లేదు, ఈ మురికి ఆక్సిజన్ అంతా తినేస్తే ఊపిరాడక తేలిపోతాయి. కంపెనీలున్న చోటుకి ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా పట్టండి. ఒక్క సీసాతో ఎవరినీ అడగలేరు, రెండిటి మధ్య తేడాయే మీ మాట.

ఒక జాగ్రత్త. మీరు పట్టిన నమూనాకి కోర్టులో బలం తక్కువ. కాలుష్య నియంత్రణ మండలి అధికారి కంపెనీవాళ్ళ ఎదుట, సీలు వేసి తీసిన నమూనాకే నీటి చట్టం సెక్షన్ 21 కింద విలువ. మీ రిపోర్టు పట్టుకుని వెళ్ళి వాళ్ళ చేత నమూనా తీయించాలి, మీ సీసా పని అది.

ఆర్వోలో ఇంకో సంగతి, శుద్ధి అయిన నీళ్ళతో సమానంగానో అంతకంటే ఎక్కువగానో ఉప్పు నీళ్ళు బయటికొస్తాయి. అవి చెరువులోకి వదులుతూ పోతే ఆ చెరువు మెల్లగా పాడైపోతుంది. ఎక్కడికి పోతాయో ఒప్పందంలో రాయించండి.


ఉద్దానం ఆడపడుచు:

మాది కవిటి మండలం, ఇప్పుడు అత్తారింటికి వచ్చి ఎచ్చెర్లలో ఉంటున్నాను. మా నాన్న కిడ్నీ జబ్బుతోనే పోయారు, ఆయన కంటే ముందు మా బాబాయి. అందుకే వైద్య శిబిరం అన్న మాట చూసి ఆగలేక రాస్తున్నాను.

ముందుగా ఒకటి, దయచేసి మీ ఊళ్ళో ఎవరికైనా కిడ్నీ సమస్య ఉంటే అది ఫలానా కంపెనీ వల్లేనని కాగితం మీద రాయకండి. మా ఉద్దానంలో కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇన్నేళ్ళుగా పరీక్షలు చేస్తున్నా ఇదీ కారణమని ఒక్కటి తేలలేదు. మాకు పెద్ద ఫ్యాక్టరీలు కూడా లేవు, కొబ్బరి తోటలూ జీడి తోటలూ. తెలియని దాన్ని తెలిసినట్టు రాస్తే, మీ అర్జీలో ఉన్న నిజం కూడా అబద్ధమంటారు.

కానీ శిబిరం మాత్రం మాత్రలు పంచే శిబిరం కాకుండా చూసుకోండి. మా ఊళ్ళకి ఎంతమంది వచ్చారో, నడుం నొప్పికి మాత్రలు చేతిలో పెట్టి ఫొటో దిగి వెళ్ళేవారు. నొప్పి మాత్రలు ఎక్కువగా వాడితే కిడ్నీకే చేటని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కిడ్నీ జబ్బు పైకి కనపడదు, కాళ్ళు వాచేసరికే సగం దాటిపోతుంది. మా నాన్నకి తెలిసిన రోజు ఆయన పొలంలో పని చేసి వచ్చి అన్నం తిన్నారు, మామూలుగానే ఉన్నారు, రక్తం రిపోర్టు చూసి డాక్టరు గారు కూర్చోమన్నారు. అందుకే పెద్దవాళ్ళందరికీ బీపీ, షుగరు, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ ఎలా ఉందో చెప్పేవి ఇవే) చూడమని అడగండి. పొలం పనివాళ్ళకీ ఫ్యాక్టరీలో పని చేసేవాళ్ళకీ ఊపిరితిత్తుల పరీక్ష కూడా. రిపోర్టు కాగితం ఎవరిది వాళ్ళ చేతికి ఇవ్వాలి. ఏ పేరూ లేకుండా మొత్తం లెక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారి దగ్గర ఉండాలి, కంపెనీ దగ్గర కాదు. ఈ ఏడాది అంకె ఉంటేనే ఐదేళ్ళ తర్వాత పెరిగిందో లేదో చెప్పగలరు. మాకు ఆ పాత అంకె లేదు. అది లేకపోవడం వల్ల మేం ఎంత నష్టపోయామో నేను మాటల్లో చెప్పలేను.

నీళ్ళ ప్లాంట్ల గురించి కూడా. మా వైపు ఆర్వోలు పెట్టారు, మెంబ్రేన్ (వడపోసే పొర) పాడైనప్పుడల్లా ఎవరు మార్చాలన్న గొడవతో రోజులు గడిచిపోయేవి. చివరికి హిరమండలం రిజర్వాయర్ నుంచి 700 కోట్ల పైపు పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రీ కిడ్నీ పరిశోధన కేంద్రమూ వచ్చాయి, 2023 డిసెంబరులో ప్రారంభించారు. అవి వచ్చాక మా అమ్మ అన్నది, ఇవి మీ నాన్న ఉన్నప్పుడు ఉంటే అని. ప్లాంట్ తీసుకోండి అన్నా, కానీ దాంతో పథకం నీళ్ళు అడగడం మానేయకండి.

ఆ వాక్యం గురించి ఒక్కటే చెప్తాను. సోంపేట బీల గుర్తుందా. అన్ని ఊళ్ళకీ నీళ్ళూ చేపలూ ఇచ్చే చిత్తడి నేల, దాన్ని కాగితాల్లో పనికిరాని భూమిగా రాసి థర్మల్ ప్లాంట్‌కి అనుమతి తెచ్చుకున్నారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనవాళ్ళ ప్రాణాలు పోయాయి, ఆ అనుమతి తర్వాత నిలవలేదు. కాగితం మీద తప్పు మాట రాసినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, దాన్ని చెరపడానికి అంత ఖరీదు కట్టాల్సి వచ్చింది. "ఎటువంటి ఇబ్బందియు లేదు" అని మీ చేత్తో మీరు రాయకండి.


బి షిఫ్ట్:

నేను ఇలాంటి కంపెనీలోనే పని చేస్తున్నాను, మీదో కాదో తెలియదు, మీరు కూడా అడగొద్దు. నాకు ఇద్దరు పిల్లలు, ఈ ఉద్యోగం పోతే మళ్ళీ హైదరాబాద్‌కో చెన్నైకో వలస. అందుకే ఊళ్ళోవాళ్ళు "కంపెనీ మూసేయాలి" అని బోర్డు పట్టుకుంటే నాకు గుండె జారిపోతుంది, అదే సమయంలో నా పిల్లలు పీల్చేదీ ఆ గాలే.

మీ అర్జీలో మూసేయమని రాయకండి, సరి చేయమని రాయండి. వాసన గురించి ఒక నోట్‌బుక్ పెట్టండి, తేదీ, ఎన్ని గంటలకి మొదలైంది, ఎప్పుడు తగ్గింది, గాలి ఏ వైపు నుంచి, ఎలాంటి వాసన (కుళ్ళిన గుడ్డులాగా, నెయిల్ పాలిష్‌లాగా, వెల్లుల్లిలాగా, ఏదనిపిస్తే అది). నాలుగు ఇళ్ళలో నలుగురు విడివిడిగా రాస్తే ఇంకా మంచిది. "రోజూ వాసన వస్తోంది" అంటే ఎవరూ ఏమీ చేయలేరు, "ఫలానా తారీఖు రాత్రి 11:40 నుంచి 1:15 దాకా" అంటే లోపల లాగ్‌బుక్ తెరవాల్సిందే. మందుల కంపెనీల్లో గాలీ నీళ్ళూ ఎప్పటికప్పుడు కొలిచే ఆన్‌లైన్ మీటర్లు ఉంటాయి, ఆ డేటా కాలుష్య మండలి సర్వర్‌కి వెళ్తుంది. మీ టైము, వాళ్ళ డేటా పక్కపక్కన పెట్టి చూడమని అడగండి.


జమాఖర్చు:

బి షిఫ్ట్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. కంపెనీ పర్యావరణ అనుమతి పత్రం కాపీ పంచాయతీకి ఇవ్వాలి, పంచాయతీ దాన్ని 30 రోజులు అందరికీ కనపడేలా పెట్టాలి. మీ సెక్రటరీ గారి బీరువాలో ఉందేమో చూడమనండి. షరతులు పాటిస్తున్నామని ఆరు నెలలకోసారి, జూన్ 1కీ డిసెంబరు 1కీ, కంపెనీ నివేదిక ఇవ్వాలి. దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి.

విస్తరణకి ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుందో లేదో కూడా కనుక్కోండి, అనుమతి ఉన్న పారిశ్రామికవాడ లోపలైతే కొన్నిసార్లు మినహాయింపు ఉంటుంది. ఉంటే 30 రోజుల ముందు పత్రికలో ప్రకటన వస్తుంది, నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి, కలెక్టర్ గారో ఆయన తరఫున అధికారో కూర్చుంటారు, మొత్తం వీడియో తీస్తారు. మీ సీసాల రిపోర్టు, నోట్‌బుక్ అక్కడ చదవండి. లేకపోతే రాతపూర్వకంగా పంపండి. ఇక మొదటి ప్రశ్నకి జవాబు, ప్లాంట్ తీసుకున్నంత మాత్రాన ఫిర్యాదు హక్కు పోదు. ఆ వాక్యం రాసినా చట్టప్రకారం మీ హక్కు పోదు, కానీ రేపు ప్రతి చోటా ఆ కాగితమే మీ ముందు పెడతారు.


గెడ్డ ఒడ్డు:

అందరికీ పేరుపేరునా దండాలు. నిన్న రాత్రి ఇవన్నీ సర్పంచ్ గారికి చదివి వినిపించాను. "బాకీ కొట్టేయడం" అన్న దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నారు. ఆయన వైపు నుంచి రేపు కంపెనీకి ఉత్తరం వెళ్తోంది, ఆ ఒక్క ప్రశ్నతో. చివరి వాక్యం లేకుండా కొత్త తీర్మానం సెక్రటరీ గారు రాస్తున్నారు. మా అమ్మ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు గ్రామసభలో మాట్లాడతామన్నారు, పెద్దాయన గారికి ఆ విషయం చెప్పాలనిపించింది. ఉద్దానం అక్కా, క్రియాటినిన్ గురించి డాక్టరు గారితో మాట్లాడతాను.

మాస్టారూ, ఆదివారం పొద్దున్న నమూనాలు పడదామనుకుంటున్నాం. ఎలా పట్టాలి? పాత వాటర్ బాటిల్ పనికొస్తుందా?


కెమిస్ట్రీ మాస్టారు (రిటైర్డ్):

పాత బాటిల్ వద్దు బాబూ. నమూనాలు పట్టేది కూడా ఆదివారం వద్దు, ల్యాబు తెరిచి ఉన్న రోజు పట్టండి, 24 గంటల్లోపు చేరాలి. ల్యాబుకి ముందే ఫోన్ చేస్తే సీసాలు వాళ్ళే ఇస్తారు. గెడ్డ మధ్యలో, అడుగు బురద కదలకుండా, నీళ్ళు వచ్చే దిక్కుకి మూతి పెట్టి ముంచండి. మామూలు సీసాని అదే నీళ్ళతో మూడుసార్లు తొలిచి నింపండి, లోపల మందు వేసి ఇచ్చిన సీసానైతే తొలవకండి. ద్రావకాల పరీక్షకి గాజు సీసా, గాలి బుడగ లేకుండా మూతిదాకా. ముందు ఎగువన, తర్వాత దిగువన. చీటీ మీద చోటు, తేదీ, గంట, పట్టినవాళ్ళ సంతకం, ఇద్దరు సాక్షులు, ఫోన్‌లో వీడియో. ఐస్ పెట్టెలో పెట్టి తీసుకెళ్ళండి. గెడ్డలో దిగేటప్పుడు చేతికి గ్లౌజులు, కాళ్ళకి బూట్లు వేసుకోండి, చిన్నపిల్లల్ని వెంట తీసుకెళ్ళకండి. రిపోర్టు వచ్చాక ఇక్కడే అంకెలు పెట్టండి, కలిసి చూద్దాం.